అడ్డుతెర వెనక కాంభోజి

నాకు కోపం ఎక్కువ. హిందూపురంలో ఏ వీధిలో అడిగినా ఈ మాట చెప్తారు. ముప్పై రెండేళ్లుగా పిల్లలకు సంగీతం చెప్తున్నాను. నా దగ్గర చేరినవాళ్లలో సగం మంది మూడో నెల నిండకుండానే పారిపోయారు. మా ఆయన కింద కిరాణా అంగట్లో కూర్చుని, మెట్లు దిగి ఏడుస్తూ పోయే ప్రతి పిల్లనూ చూసి "ఇంకొకటి పాయె" అనేవాడు. పోతే పోనీ అనుకునేదాన్ని. శ్రుతి తప్పి పాడే పిల్లను ముద్దు చేయడం నా వల్ల కాదు.

ఇంత కోపిష్టిదాన్ని జడ్జిగా ఎవరు పిలుస్తారు? ధర్మవరం అశ్వత్థనారాయణ శెట్టి పిలుస్తాడు. ఆయనది పట్టుచీరల అంగడి. వాళ్లమ్మ పేరు మీద ఒక ట్రస్టు పెట్టి, బాగా పాడే పిల్లల్లో ఏటా ఒక్కరిని ఎంచుకుని మైసూరులో ఒక పెద్ద విద్వాంసుడి దగ్గర మూడేళ్లు ఉంచుతాడు. తిండి, బస, గురువుగారి ఫీజు, కచేరీకి కట్టుకునే బట్టలు అన్నీ ఆయనవే. ఏడాదికి ఒక్కరే. పదిహేడు నిండినవాళ్లను తీసుకోరు. మా జిల్లాలో పాటే బతుకనుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి దారి నాకు తెలిసి ఇంకోటి లేదు.

హిందూపురం వాళ్లకూ ధర్మవరం వాళ్లకూ సగం దారి కాబట్టి ఎంపిక ఎప్పుడూ పెనుకొండలోనే జరుగుతుంది. మొదటి ఏడాది సిఫార్సు ఫోన్లకు విసిగిపోయి, అశ్వత్థనారాయణ అడ్డుతెర పద్ధతి పెట్టాడు. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టేదాకా పెళ్లికొడుకుకూ పెళ్లికూతురికీ మధ్య పట్టుకుంటారే, అదే తెర. తన అంగట్లోంచే తెచ్చి కల్యాణమంటపంలో రెండు స్తంభాలకు కడతాడు. పిల్లలు దాని వెనక కూర్చుని పాడాలి. పేర్లుండవు, నంబర్లే. ఇవతల కూర్చున్న ఇద్దరు జడ్జీలు యాభైకి ఇన్ని మార్కులని చీటీ రాసి మడిచి స్టీలు డబ్బాలో వేయాలి. అందరూ పాడాక తెర దించుతారు. తర్వాత భోజనాలు. భోజనాలయ్యాక డబ్బా తెరుస్తారు. అందులో పడిన చీటీని మార్చడానికి వీల్లేదు.

ఈ ఏడాది నా దగ్గర నేర్చుకునే శ్రావ్య దరఖాస్తు వేసింది. గోరంట్ల పక్కన రైతుల పిల్ల, పద్నాలుగేళ్లు. నాలుగేళ్లుగా శని, ఆదివారాలు బస్సులో వచ్చి, నా తిట్లు తిని, మళ్లీ బస్సెక్కి పోతోంది. పారిపోలేదు. పేరు పంపించగానే అశ్వత్థనారాయణకు ఫోన్ చేశాను.

"ఈ ఏడు నేను రానన్నా. నా దగ్గర నేర్చుకునే పాప పాడ్తాండాది."

"తెర ఉండాది గదమ్మా! తెర ఉన్నంక నీ పాపైతేనేం, నా పాపైతేనేం? ఇంగ నాలుగు దినాలే ఉండాది. ఇంకో జడ్జిని నేను యాడ్నుంచి తెచ్చేది?"

సరే అన్నాను. కానీ శ్రావ్యను ఎంపిక అయ్యేదాకా నా ఇంటి వైపు రావద్దన్నాను. దగ్గరుండి నేర్పించి పంపిందని ఎవడూ అనకూడదని నా పట్టుదల.

ఆదివారం పొద్దున పెనుకొండలో బస్సు దిగి మంటపానికి వెళ్లేసరికి రెండో జడ్జి లక్ష్మీనారాయణ సారు ఇడ్లీ తింటున్నాడు. హైస్కూల్లో లెక్కల మాస్టరుగా రిటైరయ్యాడు, వయొలిన్ బాగా వాయిస్తాడు. నోరే కుదురుగా ఉండదు.

"ఏమ్మా కమలాక్షమ్మా, ఈసారి మీ పాప ఉండాదంట గదా! ఇంగ మేమెందుకు? మీరే పేరు రాసి పెట్టేస్తే, టిఫిన్ తిని ఇంటికి పోతాం" అన్నాడు.

చుట్టూ ఉన్న తల్లిదండ్రులు నలుగురు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇడ్లీ కూడా ముట్టలేదు. నా శిష్యురాలైతే ఇంకో నాలుగు మార్కులు తక్కువే వేస్తాను గానీ ఎక్కువ వేస్తానా, చూడండి నా సంగతి, అనుకుంటూ పోయి కుర్చీలో కూర్చున్నాను.

ఈ ఏడాది పిల్లలందరూ పాడాల్సిన రాగం కాంభోజి. మా అమ్మ కాంభోజి పాడేటప్పుడు ఆమెకొక పద్ధతి ఉండేది. ధైవతం మీద కాసేపు నిలబడి, పై షడ్జాన్ని అందుకోబోతున్నట్టు పైకి పోయి, తీరా అంచుదాకా పోయాక అందుకోకుండానే దిగొచ్చేది. వినేవాళ్లకు ప్రాణం లేచి వచ్చేది. ఏ పుస్తకంలోనూ లేదు. మా అమ్మ నాకు నేర్పింది, నేను నా పిల్లలకు నేర్పాను. పారిపోకుండా నిలబడిన పిల్లలకు మాత్రమే.

నంబరు ఒకటి, రెండు, మూడు పాడి పోయారు. పర్వాలేదు. నాలుగో నంబరు మొదలుపెట్టింది. రెండు నిమిషాలకే నేను రాసుకుంటున్న పెన్ను కింద పెట్టేశాను. ఆ పిల్ల ధైవతం మీద నిలబడింది. నిలబడి, పైకి పోయి, అంచుదాకా పోయి, దిగొచ్చింది. మా అమ్మ దిగొచ్చినట్టే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఒప్పుకుంటాను. శ్రావ్య ఇంత బాగా ఎప్పుడు నేర్చుకుంది అని గుండె పొంగిపోయింది.

ముప్పై రెండేళ్లుగా పిల్లల గొంతులు వింటున్నదానివి, గొంతు గుర్తుపట్టలేవా అని మీరు అడగొచ్చు. ఆ మంటపం స్పీకర్లు మీరు వినలేదు. అందులోంచి వస్తే ఎవరి గొంతయినా బస్టాండులో అనౌన్స్‌మెంటు లాగే ఉంటుంది. నేను గుర్తుపట్టింది ఆ ఒక్క పద్ధతినే. అది పాడేది నా పిల్లే, ఈ మంటపంలో నా పిల్ల ఒక్కతే.

చీటీ తీసుకున్నాను. ఆ పాటకు నలభై ఏడు వేయాలి. చెయ్యి నలభై దగ్గరికి పోయి ఆగింది. పక్కనుంచి లక్ష్మీనారాయణ సారు నన్నే చూస్తున్నట్టు అనిపించింది. పొద్దున నవ్విన నలుగురూ గుర్తొచ్చారు. స్వరాల దగ్గర కొంచెం తొందరపడింది కదా అని నాకు నేనే చెప్పుకుని, ముప్పై ఒకటి రాసి, మడిచి, డబ్బాలో పడేశాను. పడేశాక చాలా గొప్పగా అనిపించింది. కమలాక్షి అంటే ఇదీ, అనుకున్నాను.

ఆరో నంబరు పిల్ల నిక్కచ్చిగా పాడింది. కొంచెం జలుబు చేసినట్టుంది. సొగసులేమీ లేవు గానీ శ్రుతి ఎక్కడా చెదరలేదు. ఎవరి పిల్లో గానీ పాపం బాగా సాధన చేసింది అనుకుని నలభై రెండు వేశాను. ఏడు, ఎనిమిది కూడా అయిపోయారు.

అశ్వత్థనారాయణ తెర విప్పాడు. పిల్లలు ఎనిమిది మందీ వరసగా నిలబడ్డారు, ఛాతీ మీద నంబరు కాగితాలతో. నేను నాలుగో నంబరు వైపు చూసి నవ్వబోయాను. సన్నగా, పొడుగ్గా, పొడవు జడ వేసుకున్న ఒక పిల్ల. నేనెప్పుడూ చూడని పిల్ల. ఆమెకు రెండు కాగితాల అవతల, ఆరో నంబరు పెట్టుకుని ముక్కు తుడుచుకుంటోంది మా శ్రావ్య.

అందరూ భోజనాలకు కదిలారు. కాస్త తేరుకున్నాక, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఆ పొడుగు పిల్లను పట్టుకున్నాను.

"నీ పేరేంటమ్మా? యా ఊరు?"

"వైష్ణవి మేడం. ధర్మవరం."

"కాంభోజి నీకెవరు నేర్పించినారు?"

ఆ పిల్ల నీళ్లు నమిలింది. "ప్రశాంతి మేడం" అంది చివరికి.

ఆ పేరు విని పన్నెండేళ్లయింది. ప్రశాంతి నా దగ్గర ఎనిమిదేళ్లు నేర్చుకుంది. నా పిల్లలందరిలోకీ ఆమే మేలు. ఒకరోజు ఆమె పెళ్లి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు పాడుతోందని ఎవరో చెప్పారు. మర్నాడు రాగానే నా గడప తొక్కవద్దని పంపించేశాను. ఎందుకు పాడావని అడగలేదు. వాళ్ల నాయన ఆసుపత్రిలో ఉన్నాడని, అందుకే పాడిందని నెల తర్వాత తెలిసింది. తెలిశాక కూడా పిలవలేదు. పొగరు, ఇంకేమంటాను.

"ఆమె రాలేదా?" అని అడిగాను.

"వచ్చినారు మేడం. గేటు బయట టీ అంగడి కాడ నిలబడుకోనుండారు. లోపలికి రమ్మంటే రాలే. నన్ను చూస్తే మేడంకు కోపం వస్తాది, నీకొచ్చేది గూడా పోతాది అన్నారు." అని, గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "మీరు కోపం ల్యాకుండా మార్కులు వేసినారు గదా మేడం? నాకిదే ఆఖరు సారి. వచ్చే నెలకు పదిహేడు నిండుతాయి. ఇది రాకుంటే మా నాయన బ్యాంకు కోచింగ్‌లో చేరిపిస్తా అంటాండాడు. పాట ఇంట్లో పాడుకోపో అంటాడు."

పో, అన్నం తిను అన్నాను.

ఒక మాట దాచకుండా చెప్తాను. అక్కడ నిలబడి అర నిమిషం నోరు మూసుకుందామనే అనుకున్నాను. డబ్బాలో నా చీటీలు రెండున్నాయి. ముప్పై ఒకటి, నలభై రెండు. నేను గమ్మున విస్తట్లో తీపి ఓళిగలు తిని కూర్చుంటే సీటు శ్రావ్యకే వస్తుంది. తప్పు చేశానని ఎవరికీ తెలియదు. పైగా తెలియకుండానే వేశాను కదా, శ్రావ్యకు అన్యాయంగా వచ్చింది కాదు కదా అని కూడా మనసు వాదించింది. ఆ వాదన వింటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. నిజాయితీ చూపించుకోవాలని నేను ఒక పిల్ల గొంతు కోశాను. అది సరిదిద్దాలంటే ఇంకో పిల్లకు, నా పిల్లకు, చేతికొచ్చింది లాక్కోవాలి.

భోజనాల గదిలో అశ్వత్థనారాయణ స్వయంగా నెయ్యి వడ్డిస్తున్నాడు. లక్ష్మీనారాయణ సారు విస్తరి ముందు కూర్చున్నాడు.

"అన్నా, నెయ్యి ఆడ పెట్టి ఇట్ల రా. ఒగ మాట చెప్పల్ల."

"తిన్నంక చెప్పమ్మా."

"తిన్నంక చెప్తే నాకు అరగదు. నా చీటీలన్నీ తీసేయన్నా. నేను తప్పు చేసినా. నాలుగో నంబరును మా శ్రావ్య అనుకున్నా. నా పిల్లకు ఎక్కువేసినా అంటారని పదహారు మార్కులు కోసేసినా."

అశ్వత్థనారాయణ నెయ్యి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "తక్కువేసినావా? నీ పిల్ల అనుకోని తక్కువేసినావా?"

ఇంతలో లక్ష్మీనారాయణ సారుకు పొలమారింది. నీళ్లు తాగి, తలకొట్టుకుని, "మరి నేనూ చెప్పేస్తాలేప్పా" అన్నాడు. "నేను గూడా అది మీ పాపే అనుకున్నా. కమలాక్షమ్మ పద్ధతి నాకు తెలీదా? పొద్దున నేను నోరు జారినా, ఈయమ్మకు రోషం వచ్చింటాది, ఖచ్చితంగా తగ్గిస్తాదని ఐదు మార్కులు పైన వేసినా. పిల్లకు అన్యాయం అవుతాదని!"

"ఓరి మీ ఇల్లు బంగారం గాను!" అన్నాడు అశ్వత్థనారాయణ. "ఒగరు కోసేది, ఒగరు పోసేది! ఇంగ నేను అంత దూరం నుంచి తెర మోసుకోనొచ్చి యాల కట్టినట్టు? ఆ తెర పిల్లలకు కాదు, మీ ఇద్దరికి కట్టల్ల, కండ్లకు!"

పక్క వరసలో ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "మళ్లా పాడించన్నా" అన్నాను. "తెర వద్దు. చీటీలొద్దు. మార్కులు అందరి ముందర నోటితో చెప్తాం. ఎవరికి ఎందుకేసినామో గూడా చెప్తాం. తప్పు చెప్తే ఆడనే అడగండి."

ఆయన నియమం నియమమే అనే మనిషి. కానీ డబ్బా తీసుకెళ్లి తెరవకుండానే సంచిలో పెట్టేశాడు. "ఎనిమిది మందీ పాడల్ల. తలా పది నిమిషాలు. ముందు తిననీ పిల్లల్ని" అన్నాడు.

నేను గేటు బయటికి వెళ్లాను. టీ అంగడి దగ్గర ప్రశాంతి నిలబడి ఉంది. కాస్త ఒళ్లు చేసింది, కళ్లజోడు వచ్చింది. నన్ను చూడగానే గ్లాసు కింద పెట్టేసి రెండడుగులు వెనక్కి వేసింది. పన్నెండేళ్లు గడిచినా నన్ను చూస్తే వెనక్కే వేస్తోంది.

"మేడం, ఆ పిల్లకేం తెలీదు. నా మీద కోపం దాని మీద..."

"లోపలికి రా."

"వద్దు మేడం. నేను పోతా."

"యాడికి పోయేది?" అని అరిచాను. అరవకుండా మాట్లాడటం నాకు చేతకాదు. "ప్రశాంతీ, ఆ పొద్దు నేను చేసింది తప్పు. మీ నాయన సంగతి తెలిసినంక గూడా నిన్ను పిలవకపోయింది ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించు. మా అమ్మ పాట నువ్వు పారేసుకోకుండా ఇంకో పిల్లకు ఇచ్చినావు. నేనేమో ఈ పొద్దు ఆ పిల్లకు గూడా అన్యాయం చేసినా. ఇప్పుడు మళ్లా పాడ్తాది. వచ్చి దాని వెనక తంబురా పట్టుకో."

ప్రశాంతి కళ్లజోడు తీసి పైట కొంగుతో మొహం తుడుచుకుంది. టీ అంగడివాడు డబ్బులు అడగడం కూడా మరిచిపోయి మమ్మల్నే చూస్తున్నాడు. నేనే ఇచ్చి ఆమెను లోపలికి తీసుకొచ్చాను.

తెర లేదు. పిల్లలు వేదిక మీదికొచ్చి పేరు చెప్పి పాడారు. వైష్ణవి మొదలుపెట్టేముందు తలతిప్పి ప్రశాంతిని చూసింది. ప్రశాంతి తంబురా మీటుతూ తలాడించింది. పొద్దున విన్నదానికన్నా బాగా పాడింది ఆ పిల్ల. మంటపం స్పీకర్లు కూడా ఆమెను పాడుచేయలేకపోయాయి. ధైవతం మీద నిలబడినప్పుడు ఊడ్చే మనిషి చీపురు ఆపేసింది.

శ్రావ్య కూడా పాడింది. పొద్దున వదిలేసిన అమ్మమ్మ పద్ధతిని ఇప్పుడు పాడింది. మా అమ్మను నా పిల్లలు అలాగే అంటారు. ఎంత బాగా పాడిందో! కానీ వైష్ణవి పాటకు మూడేళ్ల వయసు ఎక్కువ, ఆ తేడా తెలుస్తోంది. నేను లేచి నిలబడ్డాను.

"శ్రావ్యకు నలభై మూడు. వైష్ణవికి నలభై ఏడు" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. శ్రావ్య మొహం వైపు చూసి చెప్పాను. లక్ష్మీనారాయణ సారు నలభై మూడు, నలభై ఎనిమిది అన్నాడు. పొద్దున నవ్విన తల్లిదండ్రులు ఎవరూ ఏమీ అడగలేదు.

వైష్ణవి వాళ్ల నాయన సురేష్ వెనక కుర్చీల్లోంచి లేచి, ఏం చేయాలో తెలియక చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. "బ్యాంకు కోచింగ్ ఏమప్పా?" అని అశ్వత్థనారాయణ అడిగితే, "మూడేండ్లు బ్యాంకు యాడికీ పోదు లేన్నా" అన్నాడు, ఏడుస్తూ. వైష్ణవి ప్రశాంతిని కౌగిలించుకుని వదల్లేదు. పొద్దుటినుంచి గుండెల మీద కూర్చున్న బరువు దిగి, నేను మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆకలి కూడా వేసింది. మిగిలిన ఓళిగలు రెండు తిన్నాను.

సాయంత్రం హిందూపురం బస్సులో శ్రావ్యా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. ఆ రాత్రికి మా ఇంట్లో ఉండి పొద్దున్నే గోరంట్ల పోతుంది. బస్సు సోమందేపల్లి దాటింది. తిట్టినా పడే పిల్ల, ఇప్పుడు ఏడుస్తుందేమో అని భయంగా ఉంది.

"నా మీద కోపం వచ్చిందా?" అని అడిగాను చివరికి.

"లేదు మేడం. ఆ అక్క పాడ్తాంటే నేనే అనుకున్నా, ఈమెకు రాకుంటే ఎట్ల అని. నాకింకా మూడేండ్లు ఉండాది గదా."

"మరి పొద్దున అమ్మమ్మ పద్ధతి యాల వదిలేసినావు? మధ్యాహ్నం అంత బాగా పాడినావు గదా. పొద్దున పాడింటే ఈ గోలంతా ఉండేదా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "పాడింటే మీరు నన్ను గుర్తుపడ్తారు గదా మేడం."

"పడ్తే?"

"ఎక్కువేసేస్తారని బయమైంది. అట్ల వచ్చేది నాకొద్దు అనుకున్నా."

నాకు చర్రున కోపం వచ్చింది. "నేనా? నేను ఎక్కువేస్తానా? నాలుగేండ్లలో ఒక్క దినమన్నా నిన్ను బాగా పాడినావని అన్నానా?"

"అనలే."

"మరి?"

"అనకున్నా తెలీదా ఏంటి మేడం? మీకు నేనంటే చానా ఇష్టం గదా" అంది, అదేదో ఊరందరికీ తెలిసిన సంగతి అయినట్టు. "అందుకే బయపడినా."

ఇన్నేళ్లు నా నోటికి భయపడే పిల్లలు పారిపోయారనుకున్నాను. నిలబడిన పిల్లలు ఎందుకు నిలబడ్డారని ఒక్కసారీ ఆలోచించలేదు. ప్రశాంతి ఎనిమిదేళ్లు ఎందుకుందో, వెళ్లగొట్టాక కూడా నేను నేర్పిందే ఎందుకు నేర్పిస్తోందో అడగలేదు. కళ్లు తుడుచుకున్నాను. కండక్టరు టికెట్టని వస్తే రెండు హిందూపురం అన్నాను.

"అవునే" అన్నాను తర్వాత, శ్రావ్య వైపు తిరిగి. "చానా ఇష్టం."

అనేసరికి ప్రాణం హాయిగా ఉంది. ఆ పిల్ల నవ్వి, జలుబు ముక్కు ఎగబీల్చి, నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.